నెత్తుటిమరక చెప్పు సాక్ష్యము

తిరువూరునుండి మైలవరము మీదుగా దక్షిణమునకు సాగు జాతీయ రహదారి ఇబ్రహీంపట్నమునొద్ద ముగియును. ఆ యూర 2007 డిసెంబరులో ఒక విద్యార్థిని వసతిగృహమునందే హత్యకు గురియయ్యెను. మరుసటి యేట పోలీసులొక యువకుని పట్టుకొనిరి. 2010లో విజయవాడ న్యాయస్థానము అతనిని దోషియనెను. 2017 మార్చిలో హైదరాబాదునందలి ఉన్నత న్యాయస్థానము నిర్దోషియని విడిచిపుచ్చెను. అప్పటికి ఎనిమిదేండ్లకు పైగా అతని యౌవనము చెరసాలపాలైనది. 2019లో కేంద్ర దర్యాప్తు సంస్థ మృతదేహమును సమాధినుండి వెలికిదీయించి మరల పరీక్షింపజేసెను. మొదటి దినమున గదిలో వెదకవలసిన సాక్ష్యమును పండ్రెండేండ్లకు సమాధిలో వెదకవలసివచ్చుటకంటె శోచనీయమేమున్నది?

హత్య జరిగిన తావున మొదట పలుకునది నెత్తురు. కాని కంటికి తాంబూలపు ఉమ్మియు, కుంకుమయు, ఇనుపత్రుప్పును ఎండిన నెత్తురువలెనే తోచును. లూమినాల్ అను ద్రావకము చల్లినచో నెత్తురు చీకటిలో నీలికాంతితో మెఱయును; అయితే బ్లీచింగు పొడి తగిలిన నేలయు, రాగియుగూడ అట్లే మెఱయును. మీదుమిక్కిలి చల్లిన ద్రవముచే అసలు మరక పలుచబడును.

ఈ చిక్కును తప్పించుటకే వర్ణపట ఛాయాగ్రహణ మను పద్ధతి పుట్టినది. సామాన్యమైన కెమేరా ఎఱుపు, పచ్చ, నీలము అను మూడు రంగులనే గ్రహించును. ఈ యంత్రము కాంతిని పదులకొలది సన్నని పాయలుగా విడదీసి, చిత్రములోని ప్రతి బిందువునకును ప్రత్యేక వర్ణపటము నిచ్చును. నెత్తుటిలోని హీమోగ్లోబిన్ 415 నానోమీటర్ల సమీపమునగల ఊదాకాంతిని మిక్కిలిగా మ్రింగును. 542, 576 సమీపమున మఱి రెండు నీడలు చూపును. నెత్తుటికిగల యీ వర్ణపటమును జర్మను శాస్త్రజ్ఞుడు హోప్పె-సైలర్ 1862లోనే వర్ణించెను. నాటి జ్ఞానమే నేడు చిత్రరూపము దాల్చినది. మరకను తాకనక్కరలేదు, కావున డి.ఎన్.ఏ. పరీక్షకు అది చెక్కుచెదరక నిలుచును. ఎండినకొలది హీమోగ్లోబిన్ మాఱి మరక గోధుమవన్నెకు దిగును గనుక దాని వయస్సునుగూడ అంచనా వేయవచ్చునని ఇంగ్లండునందలి టీసైడ్ విశ్వవిద్యాలయమువారు చూపియున్నారు.

అయినను యంత్రమును దైవముగా కొలువరాదని మా హెచ్చరిక. ఆ నెత్తురు ఎవరిదో యిది చెప్పజాలదు. నల్లని బట్టపై తడబడును. మన యెండకును ఉక్కకును మరక మాఱు వేగము వేఱగును. చలిదేశపు కొలతలతో ఇచటి మరకకు వయస్సు కట్టుట అన్యాయము. మన వాతావరణమునందే పరీక్షలు జరిపి కొలతలు నిర్ణయింపవలెను.

2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 176వ సెక్షను, ఏడేండ్లకు తక్కువకాని శిక్షగల నేరములందు శాస్త్ర నిపుణుడు ఘటనాస్థలమునకు పోయి సాక్ష్యము సేకరింపవలెననియు, దానిని వీడియో తీయింపవలెననియు శాసించుచున్నది. రాష్ట్రములకు ఐదేండ్ల గడువిచ్చినది. శాసనము కాగితముపై నున్న చాలదు. తిరువూరు ప్రాంతపు పల్లెలో నేరము జరిగినచో, పొరుగువారు నేల కడుగకమున్నే నిపుణుడు గడపలో నుండవలెను. యంత్రము తీసిన మూలచిత్రము చెక్కుచెదరక భద్రపఱుపబడవలెను. దాని ప్రతి ముద్దాయి వకీలునకును అందవలెను.

పఠనమందిరములందు దీనిని చదువు పెద్దలకు మా విన్నపమొకటి. నేరము వినినతోడనే గుంపుగా లోనికి పోకుడు, పోనీయకుడు. తుడిచిన మరకను ఎంతటి యంత్రమైనను పూర్తిగా తిరిగి తేజాలదు. దోషి తప్పించుకొనుట యొక నష్టము. అతనికి బదులు నిర్దోషి చెఱ ననుభవించుట రెండు నష్టములు. ఈ రెంటిని మాన్పగల సాధనము చేతికందుచుండగా జాగుచేయుట ప్రభుత్వమునకు తగదు.