వెతికినందుకు పైసా ఇవ్వం, పార్టుకైతే వేలు పోస్తాం

ఈ పోస్టు కొంచెం పొడుగు. కొందరికి కోపం కూడా వస్తుంది. వచ్చినా ఫర్వాలేదు, చివరిదాకా చదవండి.

మన ఊళ్లల్లో పాత బండ్లు వయసైపోయి చస్తున్నాయని అనుకుంటున్నాం. నేనైతే నమ్మను. రోగమేందో వెతక్కుండా పార్టులు మార్చే అలవాటే వాటిని చంపుతోంది. ఆ అలవాటు మెకానిక్‌కు నేర్పింది కూడా మనమే.

నా పెట్రోల్ వ్యాన్ సంగతి చెప్తా. 2 లక్షల కిలోమీటర్లు దాటిన బండి. టమాటా బాక్సులేసుకొని మదనపల్లె యార్డుకు పోవాలంటే నాకు అదే దిక్కు. పోయిన సీజన్లో ఐడిల్‌లో ఊగడం మొదలుపెట్టింది. నిలబెడితే ఇంజన్ పైకి లేస్తుంది, దిగుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. రోడ్డెక్కి రేస్ ఇస్తే మాత్రం ఏ రోగమూ లేనట్టు పోతుంది. మైలేజీ కూడా పడిపోయింది.

షెడ్డుకు తీసుకుపోయినా. "ప్లగ్గులు" అన్నారు, మార్చినాం. "పెట్రోల్ ఫిల్టర్" అన్నారు, మార్చినాం. తర్వాత ఒక సెన్సార్. బ్రేక్ పెడల్ గట్టిగా ఉందని చెబితే బ్రేక్ షూలు కూడా కొత్తవి వేసినారు. మొత్తం రూ.9 వేలు దాటింది. బండి ఊగుడు ఊగుతానే ఉంది.

ఒకరోజు తెల్లారుజామున యార్డు గేటు దగ్గర జనంలో మెల్లగా పోతున్నా. బ్రేక్ తొక్కితే పెడల్ రాయిలా ఉంది, దిగడం లేదు. రెండు కాళ్లతో తొక్కితే ఆగింది. ముందు బాక్సులు మోసే మనిషికీ బండికీ మధ్య జానెడు కూడా లేదు. ఆ మనిషి నన్ను తిట్టిన తిట్లు నాకు తగినవే.

ఆ రోజు ఇంటికొచ్చి నేనే బానెట్టు కింద వెతికినా. బ్రేక్ బూస్టర్‌కు పోయే వాక్యూం పైపు ఇంజన్ వైపు చివర, క్లిప్పు కింద పగిలి ఉంది. పైకి కనపడదు, పైపు వంచితే నోరు తెరుస్తుంది. కొత్త పైపు, క్లిప్పులు కలిపి రూ.280. ఊగుడు పోయింది, పెడల్ మెత్తబడింది. రెండు రోగాలనుకున్నవి ఒక్కటే రోగం.

ఇది అర్థం కావాలంటే మన మోటారు గుర్తు చేసుకోండి. సక్షన్ పైపుకు సూది బెజ్జం పడితే నీళ్లు బయటికి కారవు. గాలి లోపలికి పోతుంది, పంపు నీళ్లు ఎత్తదు. అప్పుడు మోటారు మారుస్తామా? పైపు పొడుగునా చెయ్యి పెట్టి చూస్తాం, జాయింటుకు బంకమట్టి పూస్తాం. పెట్రోల్ ఇంజన్ కూడా అట్లాగే పీలుస్తుంది. ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకొని ఉంటుంది కాబట్టి లోపల పీలుపు బలంగా ఉంటుంది. కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పగులులోంచి దొంగగాలి దూరితే ఆ లెక్క తప్పుతుంది. రేస్ ఇచ్చినప్పుడు అసలు దారిలోనే బోలెడు గాలి వస్తుంది కాబట్టి ఈ దొంగగాలి లెక్కలోకి రాదు. అందుకే ఐడిల్‌లో చెడ్డగా, రోడ్డు మీద బాగా ఉంటే ముందు గాలి లీకును అనుమానించండి. ఐడిల్ బాగుండి, ఎత్తెక్కేటప్పుడు లాగకపోతే అప్పుడు పెట్రోల్ ఫిల్టర్ వైపు చూడండి. ఈ ఒక్క ప్రశ్న వేసుంటే నా 9 వేలలో ఎక్కువ భాగం మిగిలేది.

వెతకడం ఎట్లా? బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి పెట్టండి. తువ్వాలు, వదులు చొక్కా తీసేయండి, ఫ్యాను బెల్టు కనికరించదు.

మొదట చెవి. అడుగు పొడవు రబ్బరు ట్యూబు ఒక కొన చెవి దగ్గర పెట్టుకొని, రెండో కొన పైపుల వెంట, జాయింట్ల వెంట తిప్పండి. లీకు దగ్గర బుస్సుమనే శబ్దం పెరుగుతుంది.

తర్వాత పైపులు ఒక్కొక్కటి మెత్తగా నొక్కి మూయండి. ఏ పైపు మూస్తే ఊగుడు ఆగిందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు. క్లిప్పుల కింద, వంపుల దగ్గర, ఆయిల్ తగిలి మెత్తబడిన చోట వంచి చూడండి. వేడికి గట్టిపడిన రబ్బరు అక్కడే పగులుతుంది.

పైపులు బాగుంటే మానిఫోల్డ్ గ్యాస్కెట్. జాయింటు మీద కొంచెం సబ్బునీళ్లు చల్లండి. లీకుంటే నీళ్లను లోపలికి లాక్కుంటుంది, ఆ క్షణం ఇంజన్ శబ్దం మారుతుంది. ప్లగ్గు వైర్ల మీద పడనివ్వద్దు. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. వేడి ఇంజన్ మీద పెట్రోలు చల్లడం అంటే వాముకు నిప్పు పెట్టి వెలుతురు చూసుకోవడమే.

బ్రేక్ బూస్టర్‌కు వేరే పరీక్ష. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. తొక్కి పట్టుకొనే స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగలేదంటే బూస్టర్‌కు వాక్యూం అందడం లేదు. ఆ బండి బయటికి తీయొద్దు.

వ్యాన్ లేనివాళ్లు "నాకెందుకు" అనుకోకండి. పాత బైకులో కార్బరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య జాయింటు పగిలినా ఇదే రోగం. యాక్సిలరేటర్ వదిలినా రేస్ దిగదు. మనం స్క్రూ తిప్పి సర్దుకుంటాం. నొప్పికి మాత్ర వేసి పుండు కప్పినట్టు.

ట్రాక్టర్ ఇంకా ప్రమాదం. డీజిల్ ఇంజన్‌కు గాలి ఎక్కువైతే ఊగదు, కాబట్టి చెప్పదు. ఎయిర్ క్లీనర్‌కూ ఇంజన్‌కూ మధ్య గొట్టం పగిలితే రోటవేటర్ దుమ్మంతా వడకట్టకుండా లోపలికి పోతుంది. లైనర్లు, రింగులు అరుగుతాయి. తెలిసేసరికి బోరు పని చేతికొస్తుంది. ఆ గొట్టం విప్పి లోపల తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు మట్టి అంటితే ఎక్కడో లీకుంది. దుక్కులకు ముందు 10 నిమిషాల పని.

ఇప్పుడు అసలు మాట. మెకానిక్ గంటసేపు వెతికి పగులు పట్టుకొని, "పైపుకు రూ.280, వెతికినందుకు రూ.500" అంటే మనం ఏమంటాం? "ఈ ముక్కకు 500 నా?" అని ఊరంతా చాటుతాం. అదే మనిషి రూ.3 వేల సెన్సార్ మారిస్తే పాత పార్టు చూసుకొని తృప్తిగా డబ్బులిస్తాం. మరి ఆయన ఎందుకు వెతుకుతాడు? ఆయనకూ పిల్లలున్నారు.

మందుల దుకాణం దగ్గర మనం చేసేదీ ఇదే. ఆకు ముడిచింది అంటాం. పురుగా తెగులా ఆకు తిప్పి చూడం. మూడు డబ్బాలు కలిపి కొట్టి, పంట పోయాక మందును తిడతాం.

కొందరంటారు, "మాకు టైం లేదు, పొద్దున్నే యార్డుకు పోవాలి". నాకూ అదే తొందర. ఆ తొందరలోనే మూడుసార్లు షెడ్డుకు తిరిగినా, ఒక మనిషిని గుద్దబోయినా.

కాబట్టి ఈసారి షెడ్డుకు పోతే "ఏదో ఒకటి మార్చి పంపు అన్నా" అనకండి. "ముందు వెతుకు, వెతికినందుకు కూలి ఇస్తా, దొరికాకే పార్టు" అనండి. అన్న మాట నిలబెట్టుకోండి, ఆ 500 ఇవ్వండి. మన కూలి ఎవరన్నా ఎగ్గొడితే మనం ఊరుకోం కదా, ఆయనదీ కూలే.

రేపు పొద్దున బండి తీసే ముందు బ్రేక్ పెడల్ పరీక్ష ఒక్కటి చేయండి. దిగిందో లేదో కింద రాయండి.