వచ్చే వేలంలో ఒక షరతు పెట్టండి

హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ కమిషనర్ గారికి,

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో చిరునామా చెప్పేటప్పుడు ఇప్పటికీ ఇంటి నంబరు ముందు ఎల్ఐజీ అనో, ఎంఐజీ అనో, హెచ్ఐజీ అనో చేరుస్తాం. అల్పాదాయం, మధ్యాదాయం, అధికాదాయం అని ఒకనాడు హౌసింగ్ బోర్డు చేసిన విభజన అది. ఇళ్ల కొలతలు వేరు చేశారే గానీ మనుషులను వేరు వేరు ఊళ్లకు పంపలేదు. గుమాస్తా, ఇంజినీరు ఒకే బస్టాపులో నిలబడ్డారు, ఒకే కూరగాయల బండి దగ్గర బేరమాడారు.

ఇప్పటి తీరు వేరు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో మీ సంస్థ భూములు వేలం వేసింది. ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. 45.33 ఎకరాలకు 3,319.60 కోట్లు వచ్చాయి. ప్రభుత్వానికి ఆ డబ్బు అక్కర్లేదని నేననను. కానీ ఆ ధర పెట్టి కొన్నవాళ్లు నర్సుకో బడి పంతులుకో ఇల్లు కట్టగలరా? జీఎస్టీ లెక్కలో మన నగరంలో అందుబాటు ఇల్లంటే కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్లు, ధర 45 లక్షలు దాటకూడదు. ఆ ధరకు కోకాపేటలో ఏం దొరుకుతుందో మీకు తెలియంది కాదు.

అదే ఏడాది కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు ప్రారంభమయ్యాయి. పేదలకు సొంత గూడు దక్కడం చిన్న విషయం కాదు. అయినా అన్నీ ఒకేచోట, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కట్టారు. నగరం నడిబొడ్డున నాలుగిళ్లలో పనిచేసే మనిషి అక్కణ్నుంచి రోజూ ఎలా వచ్చి వెళ్లాలి? ఇక నెలకు అరవై వేలు తెచ్చుకునే కుటుంబానికి కొల్లూరులో అర్హత లేదు, కోకాపేటలో తాహతు లేదు.

ఇలాంటి వారి కోసం మహారాష్ట్ర 2013లోనే పెద్ద నగరాల్లో 4,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల్లో 20 శాతం చిన్న ఇళ్లకు కేటాయించాలంది. వాటిని ఆ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా లాటరీ తీసి ఇస్తుంది. స్థలాన్ని కాగితాల మీద ముక్కలు చేసి కొందరు తప్పించుకున్నారన్న ఆరోపణలూ వచ్చాయి. కొన్ని నగరాలు అదనపు అంతస్తులకు అనుమతిచ్చి, బదులుగా ఇళ్లు అడుగుతాయి. మనకు ఆ దారి లేదు. స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చో చెప్పే ఎఫ్ఎస్ఐ పరిమితినే 2006లో జీవో 86తో ఎత్తేశాం. బేరానికి పనికొచ్చేదాన్ని ఏమీ అడగకుండానే ఇచ్చేశాం.

ఇక చేతిలో మిగిలింది ప్రభుత్వ భూమే. అక్కడ అమ్మేవారు మీరే, షరతులు రాసేవారూ మీరే, ముక్కలు చేసి తప్పించుకునే వీలు కొన్నవారికి ఇవ్వాల్సిన పనీ లేదు. వచ్చే వేలం పత్రంలో ఇలా రాయండి: కట్టే ఫ్లాట్లలో కనీసం పదో వంతు 60 చదరపు మీటర్ల లోపు ఉండాలి, ధర ముందే ఖరారు కావాలి, లాటరీలో ఇవ్వాలి, అదే గేటు లోపల కట్టాలి. రుసుము కట్టి తప్పుకునే వెసులుబాటు మాత్రం పెట్టకండి. ఆ ఒక్క సందు ఉంటే ఇళ్లు మళ్లీ ఔటర్ అవతలికే పోతాయి.

ఈ షరతుతో వేలంలో ధర కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఆ భూమి ప్రజలది, అందులో పదో వంతు ఇళ్లు అడుగుతున్నాం.

ఇట్లు,
హౌసింగ్ బోర్డు కాలనీ నివాసి