కళాశాలకు కాలినడక

ప్రతి ఉదయమూ దారిలో నన్ను చూచిన వారు అడిగే ప్రశ్న ఒక్కటే. వేంసూరు రైతులు పాలక్యాను కట్టిన మోటారు సైకిలును ఆపి, "ఏం మాస్టారూ, బండి చెడిపోయిందా?" అంటారు. మా మొహల్లా పెద్దలు కనిపిస్తే, "క్యా మియా, సబ్ ఖైరియత్?" అని ఆందోళనతో పలకరిస్తారు. బండి నిక్షేపంగా ఇంటిలో ఉన్నదనీ, నేను కావాలనే నడచి పోతున్నాననీ చెప్పినప్పుడు వారి ముఖాలలో కనిపించే భావం జాలికీ, అనుమానానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. రెండు కాళ్ళున్న మనిషి నడవడమే ఒక ఆపదకు సూచనగా తోచే కాలం వచ్చింది. ఈ స్థితిని గురించి మన విద్యార్థులతోనూ, కళాశాల పాలకవర్గం వారితోనూ నాలుగు మాటలు మనవి చేయాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేను వ్యాయామోపాధ్యాయుడను కాను. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాడిని. ముప్పయ్యవ ఏటనే మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. వైద్యుడు నడవమన్నాడు. నడవడానికి సమయం ఏదీ అని ఆలోచిస్తే, రోజూ రెండు పూటలా తప్పనిసరిగా చేసే ప్రయాణం ఒకటి కళ్ళ ఎదుటనే కనిపించింది. నా ఇంటి నుంచి కళాశాలకు ఐదు కిలోమీటర్లు. బస్సు కోసం నిలబడడానికి ఇరవై నిమిషాలు, ప్రయాణానికి పదిహేను నిమిషాలు పట్టేవి. ఆ దూరాన్ని నేడు నెమ్మదిగా పరుగెత్తి ముప్పయి అయిదు నిమిషాలలో దాటుతున్నాను, నడిస్తే యాభై అయిదు నిమిషాలు. కాబట్టి పరుగెత్తిన రోజున నేను వ్యాయామానికి వెచ్చించిన అదనపు కాలం ఒక్క నిమిషమైనా లేదు.

అయితే ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పినది నా ఆరోగ్యం కాదు. రెండేళ్ళ క్రిందట ఒక ఉదయం నా ముందు మన విద్యార్థి ఒకడు నడుస్తూ పోవడం చూచాను. వెనుక నుంచి కళాశాల బస్సు వస్తున్న చప్పుడు వినగానే అతడు రోడ్డు దిగి మామిడితోటలోకి పోయి, ఒక చెట్టు చాటున నిలబడ్డాడు. బస్సు దాటిపోయిన తరువాత తిరిగి రోడ్డెక్కాడు. ఏమయిందని అడిగితే మొదట చెప్పలేదు. తరువాత, "బస్సు ఫీజు కట్టలేదు సార్. నడచి వస్తున్నానని వాళ్ళకు తెలిస్తే బాగుండదు" అన్నాడు. రోజుకు ఎనిమిది కిలోమీటర్లు నడిచే ఆ పిల్లవాని కాళ్ళలో ఉన్న బలం బస్సులో కూర్చున్న వారెవరికీ లేదు. ఆ బలాన్ని అతడు దొంగసొత్తు వలె దాచుకుంటున్నాడు.

నడకను మనం ఎప్పటి నుంచి చిన్నతనంగా ఎంచనారంభించామో తెలియదు గాని, ఈ దేశం ఒకప్పుడు కాలి వేగాన్ని గౌరవించిన దేశమే. 1333లో హిందూస్థానంలో అడుగుపెట్టిన ఇబ్న్ బతూతా, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలపు తపాలా ఏర్పాటును తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. గుర్రాల తపాలా ఒకటి, కాలి తపాలా ఒకటి ఉండేవి. కాలి తపాలాకు ఒక్కొక్క మైలులో మూడు మజిలీలు ఉండేవట. చిరుగంటలు కట్టిన కర్ర ఒక చేత, ఉత్తరం మరొక చేత పట్టుకొని ఒకడు పరుగెత్తుకొని వస్తుంటే, గంటల సవ్వడి విని తరువాతి మజిలీలోని వాడు నడుము బిగించి సిద్ధంగా నిలబడేవాడు. గుర్రపు తపాలా కంటె ఈ కాలి తపాలాయే వేగవంతమైనదని ఆ యాత్రికుడు వ్రాశాడు. ఇటువంటి వారికే తరువాతి కాలంలో 'హర్కారా' అనే పేరు స్థిరపడింది. 'హర్' అంటే ప్రతి, 'కార్' అంటే పని. ఏ పనికైనా పనికివచ్చేవాడని అర్థం. రాజాజ్ఞలు మోసిన ఆ కాళ్ళను ఎవరూ చిన్నచూపు చూడలేదు.

మా తాతగారు తపాలా సంచి మోసిన వారే. తపాలా శాఖలో ఆ ఉద్యోగానికి ఉన్న పేరు 'రన్నరు'. అడవి అంచు పల్లెల మధ్య వానలోనూ ఎండలోనూ సంచి భుజాన వేసుకొని నడచిన మనిషి ఆయన. మేము ఆయనను దాదా అని పిలిచేవాళ్ళం. నాకు ఊహ తెలిసేసరికి ఆయన వృద్ధుడు. అయినా నాతో నడవడానికి వచ్చినప్పుడు నేనే అలసిపోయేవాడిని. "పైలే మీల్ మే దౌడా సో ఆఖ్రీ మీల్ మే రోయా" అని నవ్వేవారు. మొదటి మైలులో ఉరికినవాడు చివరి మైలులో ఏడుస్తాడని దాని భావం. ఆ మాటలో ఉన్న శాస్త్రం నాకు ఇరవై ఏళ్ళ తరువాత గాని బోధపడలేదు.

దూరపు పరుగుకు కావలసిన శక్తిలో అధిక భాగం నెమ్మది సాధన వల్లనే వస్తుంది. తోడివానితో మాట్లాడగలిగిన వేగంలో చాలాసేపు నడిచినా, పరుగెత్తినా గుండె ఒక్కొక్క స్పందనలో పంపే రక్తం పెరుగుతుంది. కండరాలలో సన్నని రక్తనాళాలు వృద్ధి పొందుతాయి. శరీరం కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండరాలు కొద్ది వారాలలోనే బలపడినా, వాటిని ఎముకలకు బిగించి ఉంచే స్నాయువులకు నెలలు పడుతుంది. ఉత్సాహంతో మొదటి వారమే ఉరికినవాడు మడమ నొప్పితో నాల్గవ వారం మంచం పట్టడానికి కారణం ఇదే. నేను మొదట వారానికి రెండు రోజులు మాత్రమే నడిచాను. ఆరు నెలల తరువాత గాని పరుగు జోలికి పోలేదు. నేడు సోమ, బుధ, శుక్రవారాలలో ఉదయం పరుగు, మిగిలిన ఉదయాలలో నడక. సాయంకాలం ఎప్పుడూ నడకే. ఇందుకు నాకు మైదానం అవసరం లేకపోయింది, రుసుము కట్టవలసిన పని లేకపోయింది.

దారినే మైదానంగా మార్చుకున్న వారు లోకంలో పెద్దవారు కూడా ఉన్నారు. చెకోస్లొవేకియాలోని జ్లిన్ పట్టణంలో బాటా చెప్పుల కర్మాగారంలో పనిచేసిన ఎమిల్ జాటోపెక్, పనికి పోయే దారిలోని చెట్ల వరుస వెంట ఊపిరి బిగబట్టి నడుస్తూ, రోజుకొక చెట్టు చొప్పున దూరం పెంచుకుంటూ పోయి ఒకనాడు స్పృహ తప్పి పడిపోయాడని చెబుతారు. ఈ సాహసం ఎవరికీ అనుకరణీయం కాదు. కాని పనికి పోయే దారి వృథాకాలం కాదని గ్రహించిన ఆ కార్మికుడే 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడింటిలోనూ స్వర్ణపతకాలు గెలిచాడు. ఇథియోపియా రైతుబిడ్డ హైలే గెబ్రసెలాసీ చిన్ననాడు బడికి పది కిలోమీటర్లు, ఇంటికి పది కిలోమీటర్లు పరుగెత్తేవాడు. 1996లోనూ 2000లోనూ 10,000 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం గెలిచినప్పుడు కూడా, పుస్తకాలు పట్టుకున్న అలవాటు చేత అతని ఎడమచేయి వంగియే ఉండేదని చూచినవారు చెబుతారు.

నడచినవారందరూ హైలేలు అవుతారని నేను చెప్పడం లేదు. పతకాల మాట పక్కన పెట్టినా ప్రయోజనం తక్కువది కాదు. లండన్ బస్సు సిబ్బందిపై డాక్టర్ జెరెమీ మోరిస్, ఆయన సహచరులు జరిపిన పరిశీలన 1953లో 'లాన్సెట్' పత్రికలో వెలువడింది. రోజంతా కూర్చొని ఉండే డ్రైవర్ల కంటె, రెండంతస్తుల బస్సులలో మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా ఉన్నాయని అందులో తేలింది. ఇద్దరూ ఒకే బస్సులోని వారే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. నా దారిలో వారానికి మూడు రోజులు ఒక పూట నడిచినా 165 నిమిషాలవుతుంది.

ఇక అభ్యంతరాలకు వస్తాను. మొదటిది హోదా. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక విద్యాసంస్థలో పెద్దమనిషి ఒకరు నన్ను పిలిచి, విద్యార్థులు చూస్తుండగా ఉపన్యాసకుడు రోడ్డు మీద పరుగెత్తడం సంస్థ గౌరవానికి భంగమని హితవు చెప్పారు. గురువు చెమట పట్టగా చూచిన శిష్యునికి గురువుపై గౌరవం తగ్గుతుందని నేను నమ్మను. రెండవది ఎండ. ఖమ్మం ఎండ సంగతి తెలిసి కూడా మధ్యాహ్నం నడవమని చెప్పేవాడు హితుడు కాడు. మార్చి దాటిన తరువాత నేను తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే బయలుదేరుతాను, సాయంకాలం బస్సెక్కుతాను. మూడవది ప్రమాదం. లారీలు తిరిగే ఇరుకు రోడ్డు మీద పాదచారికి భద్రత తక్కువ. ఎదురుగా వచ్చే వాహనం కనబడే విధంగా రోడ్డుకు కుడివైపున నడవడం, మసక వెలుతురులో తెల్లని దుస్తులు ధరించడం మన చేతిలోనివి. రోడ్డు పక్కన ముళ్ళచెట్లు కొట్టి నడవడానికి జాగా చేయడం అధికారుల చేతిలోనిది.

నాల్గవ అభ్యంతరం అన్నిటికంటె బరువైనది. అది మన బాలికలది. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 9న స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం ప్రారంభమైనప్పుడు ఎందరో బాలికలకు చదువు దారి సులభమైంది. ఆ సౌకర్యాన్ని వదలి నడవమని నేను అనను. కాని బస్సు దిగిన చోటు నుంచి ఊరిదాకా ఉన్న దూరం వారిలో చాలామంది నడిచేదే. ఆ నడకలో భయం లేకుండా చేయడం పెద్దలమైన మన బాధ్యత. నలుగురైదుగురు కలిసి నడిస్తే తోడూ ఉంటుంది, సాధనా ఉంటుంది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు కూలివారి బిడ్డ జీవాంజి దీప్తి 2024లో కోబె నగరంలో 400 మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి తన తరగతి పారా అథ్లెట్లలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. 2022, 2023 సంవత్సరాలలో బాక్సింగు ప్రపంచ విజేతగా నిలిచిన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ మొదట సాధన చేసినది పరుగు పందేలలోనే. మన బాలికల కాళ్ళు వారి కాళ్ళకంటె వేరైనవి కావు.

ఒక మాట ఇక్కడ నిష్కర్షగా చెప్పాలి. కడుపునిండా తిని, బండి ఇంట ఉంచి నడిచే నాకు ఇది వ్యాయామం. గంజి త్రాగి, బస్సు ఫీజు లేక నడిచే పిల్లవానికి ఇది కష్టం. నా సుఖాన్ని చూపి అతని కష్టాన్ని పొగడడం అన్యాయం. నడక మంచిదనే నెపంతో ఏ ఒక్క విద్యార్థికైనా బస్సు సౌకర్యం నిరాకరిస్తే దానిని మొదట ఖండించేవాడిని నేనే. కాని ఎలాగూ నడుస్తున్న వారికి ఆ నడక బలమయ్యే ఏర్పాట్లు చేయవచ్చు కదా!

పాలకవర్గం వారికి నా విన్నపాలు నాలుగు. కుళాయి, లోపల గడియ గల స్నానపు గదులు బాలురకు ఒకటి, బాలికలకు ఒకటి కేటాయించి, బట్టలు తగిలించడానికి కొక్కెములు బిగించండి. నడచి వచ్చే విద్యార్థులకు మొదటి పీరియడులో పది నిమిషాల వెసులుబాటు ఇవ్వండి. ఉదయం గుప్పెడు ఉడికించిన శనగలో, వేరుశనగలో, త్రాగడానికి మంచినీళ్ళో వారికి అందేటట్లు చూడండి. వార్షిక క్రీడోత్సవంలో వంద మీటర్ల పరుగుతో పాటు ఐదు కిలోమీటర్ల రోడ్డు పరుగును కూడ చేర్చి, దానికి జట్టును ఎన్నుకొనేటప్పుడు ముందుగా నడచి వచ్చేవారిని పిలిచి చూడండి. వీటన్నిటికీ కలిపి అయ్యే వ్యయం మన వార్షికోత్సవపు షామియానా, దీపాల వ్యయాన్ని మించదని నా నమ్మకం.

విద్యార్థులారా! మీలో నడచి వచ్చేవారు ఎందరో నాకు తెలుసు. మీరు దాచినా మీ చెప్పుల అరుగుదల దాచలేదు. మామిడిచెట్టు చాటున నిలబడిన ఆ పిల్లవాడు మరునాటి నుంచి నాతో కలిసి నడవసాగాడు. నిరుడు క్రీడోత్సవంలో 1,500 మీటర్ల పందెంలో నాల్గవవాడుగా వచ్చాడు. పతకం రాలేదు. పందెం ముగిసిన తరువాత మొదటివాడు గడ్డి మీద వెల్లకిల పడి రొప్పుతుండగా, ఇతడు వాని పక్కన కూర్చొని మామూలుగా మాట్లాడుతున్నాడు. మొదటి మైలులో ఉరకలేదు కాబోలు! మా దాదా ఉంటే వాని వీపు తట్టేవారు. ఇప్పుడు కళాశాల బస్సు పోతున్నప్పుడు అతడు రోడ్డు అంచుకు తప్పుకుంటాడు గాని, చెట్టు చాటుకు పోడు. కిటికీలోనుంచి ఎవరైనా చేయి ఊపితే తానూ ఊపుతాడు.