పంట నమూనా: సాఫ్ట్‌వేరా, దత్తాంశమా?

పైరు పెరుగుదలను, దిగుబడిని కంప్యూటర్‌పై అంచనా వేసే నమూనాలను సాఫ్ట్‌వేర్‌గా పరిగణించాలా, దత్తాంశంగా పరిగణించాలా అన్నది కేవలం పరిభాషకు సంబంధించిన ప్రశ్న కాదు. నమూనాను ఎవరు భద్రపరచాలి, ఎవరు సరిచూడాలి అన్నవి ఆ జవాబుపైనే ఆధారపడి ఉన్నాయి. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ఇక్కడ తోడ్పడదు; కంప్యూటర్ ప్రోగ్రాములను, దత్తాంశ సంకలనాలను అది సాహిత్య కృతుల కిందే చేర్చింది.

డీఎస్‌ఎస్‌ఏటీ అనే పంట నమూనాల సముదాయంలోని సెరెస్-వరి నమూనాను పరిశీలించవచ్చు. పైరు ఎదుగుదల, నేలలో నీటి సమతుల్యం, నత్రజని గ్రహణం మొదలైన ప్రక్రియల సమీకరణాలు ప్రోగ్రాములో ఉంటాయి. అది నిస్సందేహంగా సాఫ్ట్‌వేర్. కాని సాంబ మసూరిని ఒక స్వల్పకాలిక రకం నుంచి వేరు చేసేది ఆ ప్రోగ్రాము కాదు, వేరొక చిన్న ఫైలులోని ఒక వరుస అంకెలు. పీ1 అనే గుణకం పైరు తొలి శాకీయ దశకు కావలసిన, 9 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన ఉష్ణ మొత్తాన్ని తెలుపుతుంది; పీ2ఆర్ పగటి నిడివికి ఆ రకం చూపే స్పందనను తెలుపుతుంది. వీటిని జన్యు గుణకాలనడం వాడుకే గాని, ఇవి ఏ జన్యువునూ కొలిచి రాబట్టినవి కావు. పూత, పక్వత తేదీలను, దిగుబడిని క్షేత్రంలో నమోదు చేసి, నమూనా ఫలితం వాటితో సరిపోలే వరకు సవరించి నిర్ణయించినవి. క్షేత్ర ప్రయోగాల నుంచి పుట్టిన ఈ అంకెలను దత్తాంశంగానే చూడాలి.

అయితే ఇది మామూలు దత్తాంశం కాదు. వెయ్యి గింజల బరువును ఏ త్రాసులో తూచినా దాని అర్థం మారదు. గుణకానికి ప్రోగ్రాము వెలుపల అర్థమే లేదు. సెరెస్-వరి పాత వెర్షన్లలో ఉష్ణోగ్రత సహనానికి జీ4 అనే ఒకే గుణకం ఉండేది. తరువాతి వెర్షన్లలో దాని స్థానంలో వేడికి, చలికి వేర్వేరు గుణకాలు వచ్చాయి. వెర్షన్ పేర్కొనని పాత పట్టికను నేడు నమ్మి వాడడం కష్టం.

ఇటువంటి నమూనాలకు నేల, వాతావరణం, యాజమాన్యం, పైరు గురించి కనీసం ఏ వివరాలు నమోదు చేయాలో చర్చించిన అంతర్జాతీయ సదస్సు 1983లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లోనే జరిగింది. అయినా గుణకాల పట్టికను ముద్రించి, మూల పరిశీలనలను బీరువాలోనే ఉంచే వ్యాసాలు నేటికీ వస్తూనే ఉన్నాయి. ఈ ఉపేక్ష ఇక పరిశోధకులకే పరిమితం కాదు. 2023 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమా యోజనలో వరి దిగుబడి నిర్ధారణకు సాంకేతిక అంచనాలను కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. పంట నమూనాలు అందుకు అనుమతించిన పద్ధతులలో ఒకటి. తన మండలానికి ఆ అంకె ఎలా వచ్చిందని రైతు అడిగితే, మూలసంకేతం ఒక్కటే చూపించి ఒప్పించలేరు.

ప్రోగ్రాము సంరక్షణను దాని రూపకర్తలకు వదలవచ్చు. గుణకాల ఫైలును వెర్షన్ సంఖ్యతో, మూల పరిశీలనలతో జతపరచి భద్రపరచవలసినది మాత్రం ప్రయోగం నిర్వహించిన పరిశోధన కేంద్రమే. ఆ జత సిద్ధంగా లేని వ్యాసాన్ని పత్రికలు ప్రచురణకు స్వీకరించరాదు.