ఫోల్డరు తెరుచుకోకుంటే ఫీజు పెంచాలా?

మన ల్యాబులో కూర్చున్న ప్రతి విద్యార్థికీ ఈ అనుభవం ఉన్నదే. హైదరాబాదులోని పెద్ద కంప్యూటరులోకి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ప్రవేశిస్తాం. తెర చక్కగా కదులుతుంది. కొట్టిన అక్షరం వెంటనే పడుతుంది. కాని షేర్ ఫోల్డరు మీద నొక్కితే చాలు, పైన పచ్చగీత చీమలాగ పాకుతుంటది. ఈలోగా ఐజ బస్సు పోతది.

"నెట్టు చాలదు, పెద్ద లైను కావాలె, తలా కొంత ఫీజు కట్టండి" అనే మాట ఈ ఏడాది గట్టిగా వినిపిస్తున్నది. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో చదివే నా స్నేహితులదీ ఇదే గోడు. "పల్లె పిల్లలు ఊకె నొక్కుతరు, అందుకే ఆగిపోతది" అనే ఎకసెక్కం వేరే! పల్లికాయ అమ్మి నన్ను చదివిస్తున్న మా నాయినకు ఆ ఫీజు చిన్నమాట కాదు. జబ్బేమిటో చూడకముందే మందు కొనమంటే ఎట్లా?

నా ప్రాజెక్టు వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు గురించి. మా చేలలో తీసిన 2000 ఫొటోలు ఒకే ఫోల్డరులో ఉన్నవి. ఆ ఫోల్డరు ఉన్నది ఇక్కడే, గద్వాలలోనే, పక్కగది కంప్యూటరులో. ల్యాబ్ కంప్యూటరు నుంచి నేరుగా తెరిస్తే క్షణంలో వచ్చింది. రిమోట్ సెషన్లో తెరిస్తే అయిదు నిమిషాలు దాటింది. మన చెయ్యి గద్వాలలో ఉన్నా, ఫోల్డరును అడుగుతున్నది హైదరాబాదు కంప్యూటరు. పక్కగది ఫైలు కోసం అది అక్కడినుంచి ఇక్కడికి తిరుగుతున్నది!

అదే సెషన్లో కమాండ్ విండో తెరిచి 'డిర్' అని కొట్టి చూశాను. పేర్లన్నీ కొద్ది సెకన్లలో వచ్చినవి. అంటే ఆలస్యం పేర్లది కాదు, ఒక్కొక్క ఫొటోకు చిన్నబొమ్మ తయారుచేయడానిది. ఒక్క బొమ్మకు ఫైలు తెరవడం, చదవడం, మూయడం కలిసి నాలుగు తిరుగుళ్లు అనుకోండి. తిరుగుడుకు 40 మిల్లీసెకన్లు. 2000 ఫొటోలకు 320 సెకన్లు! రోడ్డు ఎంత వెడల్పు చేస్తే ఏం లాభం, పల్లికాయను దోసెడు దోసెడుగా మార్కెట్ యార్డుకు మోస్తుంటే? బస్తాలకెత్తి ఒకే బండి కట్టాలె గాని.

ఈ ఫైళ్ల పంపకానికి వాడే ఎస్‌ఎంబీ పద్ధతి 1980లలో ఒకే భవనంలోని యంత్రాల కోసం పుట్టినది. అందుకే దానికి మాటలెక్కువ. 2006లో విండోస్ విస్టాతో వచ్చిన రెండవ రూపంలో నూరుకు పైబడిన ఆజ్ఞలను 19కి కుదించారు. తయారుచేసినవారే మాటలు తగ్గించుకున్నారు, మనమేమో లైను కొందామంటున్నాం.

ఫోల్డర్ ఆప్షన్లలో చిన్నబొమ్మలు వద్దని గుర్తు పెట్టాను. ఫోల్డరు తెరుచుకున్నది. తర్వాత ఫొటోలన్నిటిని ఒక జిప్ ఫైలుగా కట్టి, ఒక్కసారే హైదరాబాదు కంప్యూటరుకు పంపి, అక్కడే విప్పుకున్నాను. ఇక మా సెషన్లో ఒక 'జెడ్' డ్రైవు ఉండేది. అది చూపే సర్వరు తీసేసి చాన్నాళ్లయింది. లేని ఇంటి తలుపు తట్టినట్టు, కంప్యూటరు దాని జవాబు కోసం కాచుకునేది. దాన్నీ తొలగించాను.

లైను నిజంగా పాడయ్యే రోజులూ ఉంటవి, కాదనను. ఆనాడు తెర కూడా తడబడుతుంది, అక్షరం ఆలస్యంగా పడుతుంది. ఆ తేడా చూడడానికి డబ్బు అక్కరలేదు.

కనుక ఫీజు తీర్మానం చేసేముందు యూనియన్ వారు ఒక మధ్యాహ్నం ల్యాబుకు రావాలె. ఒకే ఫోల్డరును నేరుగా, సెషన్లో, బొమ్మలు తీసేసి, మూడు విధాల తెరిచి చూద్దాం. ఫిజిక్స్ ల్యాబునుంచి స్టాప్‌వాచ్ నేను తెస్తాను.