ఆపమని చెప్పేదెవరు?

మా రామచంద్రపురం సంఘంలోని ఒక యౌవనస్థుడు ఈమధ్య ప్రార్థన చేయించుకోవడానికి వచ్చాడు. పరీక్ష కోసమో, ఉద్యోగం కోసమో అనుకున్నాను. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీకి పేరిచ్చాడట! సెల్‌ఫోన్‌లో చూసి మోజుపడిన ఆట. నేను వద్దనలేదు. సాహస విద్యలు కోనసీమకు కొత్తవేమీ కావు. అమలాపురంలో దసరాకు జరిగే చెడీ తాలింఖానాలో కళ్లకు గంతలు కట్టుకున్నవాడు మనిషి ఒంటిమీద పెట్టిన కూరగాయను కత్తితో నరుకుతాడు. ఆ కత్తి వెనక నేర్పిన గురువు ఉంటాడు. అందుకే ఒక్కటే అడిగాను, “నీ వెనక ఎవరుంటారు బాబూ?” అని.

“మా కోచ్‌గారుంటారండి. కానీ ఆయన ఆట ఆపరండి. మధ్యలో ఆపితే పరువు పోద్దంటారండి” అన్నాడు.

ఆ జవాబు నన్ను కలవరపెట్టింది. ఈ ఆటలో రౌండుకు ఐదు నిమిషాలు, మధ్యలో ఒక్క నిమిషం విరామం. ఆ నిమిషంలో ఆటగాణ్ణి కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, వాపు అణచి, ఎత్తుగడ చెప్పేవారిని కార్నర్‌మెన్ అంటారు. పోటీ ఆపమని కోరే హక్కు కూడా వారిదే.

ఈ విద్యలో లొంగిపోవడాన్ని కూడా నేర్పుతారు. మెడకో, కీలుకో పట్టు బిగిసినప్పుడు అరచేత్తో తడితే చాలు, ప్రత్యర్థి వదలాల్సిందే. అలా తట్టినవాణ్ణి ఎవరూ పిరికివాడనరు. కానీ తలకు తగిలే దెబ్బల సంగతి వేరు. అక్కడ నిర్ణయం తీసుకోవాల్సిన మెదడే దెబ్బతింటుంది. కాళ్లు తడబడుతున్నా “బాగానే ఉన్నాను” అంటాడు. అది అబద్ధం కాదు, వాడికి తెలియదంతే. ఎంత నేర్పరియైనా ఈ ఒక్క పని తనకు తాను చేసుకోలేడు. రిఫరీ ఉన్నాడుగా అంటారేమో. రిఫరీ ఆ రోజు ఆటనే చూస్తాడు. సాధనలో కిందటి వారం ఎన్ని దెబ్బలు తిన్నాడో, బరువు తగ్గడానికి ఎంత ఎండగట్టుకున్నాడో కోచ్‌కే తెలుసు.

1975 అక్టోబరు 1న మనీలాలో ముహమ్మద్ అలీతో జో ఫ్రేజియర్ బాక్సింగ్ పోరు పద్నాలుగు రౌండ్లు సాగింది. మిగిలింది ఒక్క రౌండే. ఫ్రేజియర్ కళ్లు వాచి పిడికిలి కనబడని స్థితి. అయినా లేస్తానన్నాడు. శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఒప్పుకోలేదు, పోటీ ఆపించాడు. ఫ్రేజియర్ 2011 వరకు బ్రతికాడు.

2020 జూన్‌లో లాస్ వేగాస్‌లో దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది. మ్యాక్స్ రోష్కాఫ్ అనే ఆటగాడు రెండో రౌండు తర్వాత ఇక చాలు, ఆపమని పదేపదే అడిగాడు. కోచ్ మాత్రం లెమ్మని ప్రోత్సహిస్తూనే ఉన్నాడు. చివరికి అధికారులు కల్పించుకుంటేగాని ఆట ఆగలేదు. కోచ్‌ది చెడు ఉద్దేశం కాకపోవచ్చు. కృంగినవాణ్ణి లేపడమే మంచితనమనుకుని, వాడు చెప్పేది వినడం మానేస్తాం. పాస్టర్లమైన మేమూ ఈ తప్పు చేస్తుంటాం.

పొరుగున బెంగళూరులో 2022 జూలైలో కిక్‌బాక్సింగ్ పోటీలో ముఖానికి దెబ్బ తగిలి మైసూరు యువకుడొకడు కుప్పకూలాడు. ఆసుపత్రిలో చనిపోయాడు. అతనికి 23 ఏళ్లు. పోటీ స్థలంలో ఆక్సిజన్, స్ట్రెచర్ వంటివి కూడా లేవని తండ్రి ఆరోపించాడు. నిర్వాహకులపై కేసు నమోదైంది. మన చిన్న పట్టణాల పోటీలను తలచుకుంటే ఇదే నా భయం. పెద్ద వేదికలమీద డాక్టరు, తనిఖీ అధికారి ఉంటారు. ఇక్కడ చాలాసార్లు కోచ్ ఒక్కడే దిక్కు.

పరువు సంగతంటారా? మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో దాదాపు ఏడాది బరికి దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. ఆగడంవల్ల ఆమె పరువేమీ పోలేదు.

నిర్గమకాండం పదిహేడవ అధ్యాయంలో అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా మోషే చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు ఆయనను గద్దించలేదు, హెచ్చరించలేదు. ముందు ఒక రాయి తెచ్చి కూర్చోబెట్టారు, తర్వాతే చేతులు పట్టుకున్నారు. ఆయన అలసట ఆ ఇద్దరి కంట పడింది.

ఆ అబ్బాయికి ప్రార్థన చేశాను. కోచ్‌గారిని కలవాలని కూడా చెప్పాను. ఆదివారం ఆరాధన అయ్యాక వెంటబెట్టుకొస్తానన్నాడు. పోటీ దగ్గర డాక్టరు ఉంటారా, అంబులెన్సు ఉంటుందా అని అడగాలి. మూడోది అడగడానికే కాస్త బెరుకుగా ఉంది: “మీ కుర్రాడు గెలుస్తుండగానే తూలితే, తువ్వాలు విసురుతారా అండీ?”