లేని ఊళ్ళో కౌలుదార్లు

2022లో హైదరాబాదులో ఒక స్టార్టప్ సభకి వెళ్ళాను. వేదిక మీదాయన మెటావర్స్‌లో స్థలం కొనడాన్ని ఒకప్పటి మాదాపూర్‌తో పోల్చాడు. అప్పుడు కొననివాళ్ళు ఇప్పుడు ఏడుస్తున్నారన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. మా నాన్న ఆ కొననివాళ్ళలో ఒకరు.

ఇంటికొచ్చాక కోపం వచ్చింది. మాదాపూర్ గుట్టల్ని ఏ కంపెనీ కోడు రాసి పుట్టించలేదు. డీసెంట్రాలాండ్‌లో ఉన్నవి 90,601 స్థలాలు. అక్కడే ఒక స్థలాన్ని 2021 నవంబరులో సుమారు 24 లక్షల డాలర్లు పెట్టి కొన్నారు. కానీ ఆ కొరత ఎవరో కూర్చుని నిర్ణయించింది. పక్కనే ఇంకో ప్రపంచం మొదలుపెట్టడానికి ఎవరికీ అడ్డు లేదు.

అసలు ‘మెటావర్స్’ అనే మాట 1992లో నీల్ స్టీఫెన్‌సన్ రాసిన ‘స్నో క్రాష్’ నవలది. అందులో హీరోకి ఆ మాయలోకంలో మంచి వీధిలో ఇల్లుంటుంది. బయట మాత్రం సామాన్లు దాచుకునే గోడౌన్ గదిలో ఇంకొకడితో సర్దుకుని బతుకుతుంటాడు. కథ మొదలయ్యేసరికి మాఫియా వాళ్ళ పిజ్జాలు మోస్తుంటాడు. మనవాళ్ళు ఈ వెటకారాన్ని ప్రాజెక్ట్ రిపోర్టుగా చదువుకున్నారు! (చదివారంటే ఎక్కువేలెండి.)

డబ్బు సంపాదించినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. సెకండ్ లైఫ్‌లో స్థలాల వ్యాపారం చేసిన ఆన్షీ చుంగ్ 2006లో బిజినెస్‌వీక్ ముఖచిత్రం అయింది. అదే ఏడాది అక్కడే మార్క్ బ్రాగ్ అనే పెన్సిల్వేనియా లాయర్ ఖాతాని కంపెనీ స్తంభింపజేసి, అతని స్థలాలు లాక్కుంది. వేలంలో లొసుగు వాడుకున్నాడన్నది ఆరోపణ. అతను కోర్టుకెక్కాడు. ఒప్పందంలోని మధ్యవర్తిత్వ నిబంధన మరీ ఏకపక్షంగా ఉందని 2007లో కోర్టు దాన్ని పక్కన పెట్టింది. తర్వాత రాజీ కుదిరింది. ముఖచిత్రం సంగతి సభల్లో చెప్తారు, ఈ కేసు సంగతి ఎందుకు చెప్పరు?

లెక్క చూద్దాం. రోబ్లాక్స్‌లో మీరో గేమ్ పాస్ అమ్మారనుకోండి. 1,000 రోబక్స్‌కి కొనే పిల్లాడు ఇదివరకు పెట్టింది సుమారు పన్నెండున్నర డాలర్లు. మీ వాటా 700 రోబక్స్. చాలా ఏళ్ళపాటు ఉన్న రేటు, రోబక్‌కి 0.0035 డాలరు చొప్పున మార్చుకుంటే చేతికొచ్చేది 2.45 డాలర్లు, ఐదో వంతు కూడా కాదు. యాప్ స్టోర్ల కోత, సర్వర్ల ఖర్చు ఉంటాయి, కాదనను. కానీ డబ్బు ముద్రించేదీ, మారకం రేటు పెట్టేదీ, పన్ను వేసేదీ, ఊరినుంచి వెలేసేదీ ఒకే ఆసామి అయినప్పుడు, మిమ్మల్ని ఆంత్రప్రెన్యూర్ అని ఎలా అంటారు? మా తాతల భాషలో దాన్ని కౌలు అంటారు. అదీ కాగితం లేని కౌలు. 2022లో మెటా తన హొరైజన్ వరల్డ్స్‌లో మొత్తం కోత 47.5 శాతం దాకా ఉంటుందని ప్రకటించింది.

మా టీంలో ఒక కుర్రాడు, కాకినాడవాడు, ఇలాంటి ఒక ప్రపంచంలో రాత్రుళ్ళు కూర్చుని కోనేరు కట్టాడు. ఎనిమిది నెలలు. మెట్ల మీద పాచి కూడా వేశాడు. ఆ ప్రపంచం మూతపడుతోందని ఒక మెయిల్ వచ్చింది, నెల గడువు. కట్టింది బయటికి తీసుకునే దారి లేదు. వాళ్ళమ్మకి ఫోన్లో రికార్డు చేసిన వీడియో చూపించాడట.

వాడికి చేతిపని పోలేదు. ఇప్పుడు బ్లెండర్‌లో చేసి, ఫైళ్ళు తన డిస్క్‌లో పెట్టుకుని, అడిగినవాళ్ళకి అమ్ముతున్నాడు. చిన్న వ్యాపారమే, కానీ సొంతది. దీని గురించి ఏ వేదిక మీదా స్లైడు ఉండదు.

ఈసారి ఎవరైనా మాదాపూర్ పేరెత్తితే ముందు వరసలోంచి లేచి ఒక్కటే అడుగుతాను: సార్, ఖాతా మూసేసే నిబంధన ఒప్పందంలో ఏ పేజీలో ఉంది?